ఉప్పెనను లెక్కగట్టే యంత్రం

సముద్రం రేపు ఏ గంటకు ఎంత ఎత్తున ఉంటుందో చెప్పే తొలి యంత్రం కప్పీలు, పళ్లచక్రాలు, ఒక పొడవాటి తీగతో తయారైంది. 1872 ప్రాంతంలో దాన్ని రూపొందించినవాడు విలియం థామ్సన్. లార్డ్ కెల్విన్‌ పేరుతో మనం పాఠాల్లో చదువుకున్నది ఆయన గురించే. చంద్రుడి ఆకర్షణకు నీరు 12 గంటల 25 నిమిషాలకోసారి, సూర్యుడి ఆకర్షణకు 12 గంటలకోసారి పొంగుతుంది. ఇలాంటి లయలు ఇంకా చాలా ఉన్నాయి. యంత్రంలో ఒక్కో లయకు ఒక్కో కప్పీ. అన్నిటి మీదుగా సాగే తీగ వాటి కదలికలను కూడుతుంది, దాని చివరనున్న కలం కాగితం మీద గీత గీస్తుంది. పిడి తిప్పుతూ పోతే ఒక రేవుకు ఏడాది ఆటుపోట్లు కొన్ని గంటల్లో తేలిపోయేవి. భారతీయ రేవుల కోసం ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో ఇంతకంటే పెద్ద యంత్రాన్ని ఇంగ్లండులో చేయించాడు.

ఆ యంత్రాలకు గాలి సంగతి తెలియదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచి, సుమారు 30 వేల మందిని పొట్టనపెట్టుకున్న ఉప్పెన లాంటిది ఏ ఆటుపోట్ల పట్టికలోనూ దొరకదు. చంద్రుడు వేళ తప్పడు, తుపానుకు వేళే లేదు.

తుపాను కేంద్రంలో పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. 60 మిల్లీబార్లు తగ్గినా లేచేది 60 సెంటీమీటర్లే. మిగతా మీటర్లన్నీ ప్రధానంగా గాలి పనే. లోతైన చోట గాలి తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి మళ్లుతుంది. లోతు తక్కువైతే ఆ దారి మూసుకుపోయి నీరంతా తీరం మీద పేరుకుంటుంది. అందుకే ఉప్పెన లెక్కకు తుపాను బలం ఒక్కటే చాలదు, సముద్రం అడుగు ఎలా ఉందో కూడా తెలియాలి.

ఈ లెక్క చేతితో అయ్యేది కాదు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఒక్క నెదర్లాండ్స్‌లోనే 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాత, 1956లో హాంబర్గ్ శాస్త్రవేత్త వాల్టర్ హాన్సెన్ ఉత్తర సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, గడిగడికీ నీటి ఎత్తునూ ప్రవాహాన్నీ లెక్కించే పద్ధతిని ప్రచురించాడు. బంగాళాఖాతంలో 1970 నవంబరులో భోలా తుపాను మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. రెండేళ్లకు మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి.కె.దాస్ బంగాళాఖాతం ఉప్పెనలకు ఒక నమూనాను ‘నేచర్’ పత్రికలో వెలువరించారు.

1977 నవంబరు 19 దివిసీమ తుపాను ఈ శాస్త్రానికి పెద్ద పాఠం. తుపాను కేంద్రం తీరం దాటింది చీరాల వైపు. సుమారు 5 మీటర్ల ఉప్పెన విరుచుకుపడింది మాత్రం దివిసీమ మీద. కారణం ఇది: మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. వాయవ్య దిశగా సాగే తుపానుకు కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల మీది గాలి నీటిని వెనక్కి నెడుతుంది. దివిసీమ ఆ కుడివైపున ఉంది. పైగా అక్కడ, కృష్ణా నది ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ. పది వేల మంది దాకా చనిపోయారు. ఆ ఉప్పెననే బ్రయాన్ జాన్స్, ఎస్.కె.దూబే తదితరులు కంప్యూటర్లో తిరిగి లెక్కగట్టి 1981లో ప్రచురించారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్‌లో వాడే ‘ఆడ్‌సర్క్’ నమూనాను 1990ల తొలినాళ్లలో అమెరికాలో లూటిచ్, వెస్టరింక్ అభివృద్ధి చేశారు. ఇది సముద్రం మీద జాలరి వల పరిచినట్టు త్రికోణాలు పరుస్తుంది. నడిసముద్రంలో త్రికోణాలు పెద్దవి, తీరానికి వచ్చేసరికి చిన్నవి. వాతావరణ శాఖ నుంచి తుపాను దారి, కేంద్ర పీడనం, గాలి వేగం అందగానే ఒక్కో ముడి దగ్గర నీటి ఎత్తును కొద్ది సెకన్లకోసారి లెక్కిస్తూ పోతుంది. ఉప్పెన పోటు సమయంలో వస్తుందా, ఆటులో వస్తుందా అన్నదీ చూడాలి. నీరు ఊళ్లలోకి ఎంత దూరం చొచ్చుకొస్తుందో ఆ తర్వాత తేలుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అక్కడి ఆటుపోట్ల కొలత పరికరంలో నమోదైన ఉప్పెన 1.4 మీటర్లే. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కడం అందుకొక ముఖ్య కారణం.

అయితే నమూనాకు మనం ఇచ్చిన నేలే తెలుసు. కరకట్ట తెగినా, మడ అడవి కొట్టి రొయ్యల చెరువు తవ్వినా పాత పటంతో చేసిన లెక్క తప్పుతుంది. తీరం పటాలను ఎప్పటికప్పుడు కొత్తగా కొలిపించడం ప్రభుత్వాల బాధ్యత. చదువరులు చేయగలిగింది ఒకటుంది. తుపాను బులెటిన్ వచ్చినప్పుడు తీరం దాటే ఊరు పేరు చూసి ఊరుకోకండి. ఉప్పెన ఎత్తు ఎంత, ఏయే లోతట్టు ప్రాంతాలకు అన్న వాక్యం చదవండి. అందులో మీ ప్రాంతం ఉంటే తుపాను కేంద్రం ఎంత దూరంలో ఉన్నా, అధికారులు చెప్పిన వెంటనే షెల్టరుకు వెళ్లండి.