ద్రవాన్ని పీల్చి లోతుకు దిగవచ్చునా?

దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో దాగిన కథ తిక్కన నాటినుండి తెలుగువారికి పరిచితమే. జలస్తంభన విద్యచేత అతడు మడుగు అడుగున విశ్రమించినాడంటారు. ఆ విద్య నేడెవరికీ తెలియదు గాని, అటువంటి కోరిక మాత్రం శాస్త్రజ్ఞులను విడువలేదు. నీట మునుగువాడు గాలిని వెంటగొనిపోవుటకు బదులు ద్రవాన్నే ఊపిరితిత్తుల నిండా నింపుకొని బ్రతుకగలడా?

నర్సింహులపేట వంటి మెట్టగ్రామంలో బావిలో మునకలు వేసే పిల్లవానికి ఈ ప్రశ్నతో పనిలేదు. చెవులు దిబ్బళ్ళు వేయడమే అతడెరిగిన బాధ. అయితే కథకు మూలం ఆ దిబ్బడలోనే ఉన్నది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణం వంతున ఒత్తిడి పెరుగుతుంది. 300 మీటర్ల వద్ద అది నేలమీది ఒత్తిడికి 31 రెట్లు. ఛాతి నలగకుండా ఉండాలంటే గాలిని కూడా అంత ఒత్తిడితోనే అందించాలి. అప్పుడు అందలి నత్రజని మత్తెక్కిస్తుంది. నత్రజనికి మారుగా హీలియం వాడితే మత్తు తప్పుతుంది గాని, రక్తంలో కరిగిన వాయువు మాత్రం ఉండనే ఉంటుంది. మనిషి త్వరపడి పైకి వస్తే సోడాబుడ్డి తెరచినట్లు ఆ వాయువు బుడగలై పొంగుతుంది. కీళ్ళనొప్పి మొదలు పక్షవాతం, మరణం వరకు దాని ఫలాలే.

విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన ‘నిస్తార్’ నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. దానినుండి 300 మీటర్ల వరకు దిగి పనిచేయవచ్చును. కాని అంత లోతుకు దిగేవారు ఒత్తిడి గదులలో దినాలకొలది కాపురముండాలి. పని ముగిసిన పిమ్మట ఒత్తిడి తగ్గించుకొనుటకే మరికొన్ని దినాలు!

ద్రవం గాలివలె అణగిపోదు. ప్రాణవాయువు తప్ప మరొక వాయువు అందులో లేకుంటే బుడగల భయమూ లేదు. ఆశ అంతా ఇక్కడనే. 1962లో కైల్‌స్ట్రా అధికమైన ఒత్తిడితో ప్రాణవాయువును ఉప్పునీట కరిగించి, అందులో చిట్టెలుకలను కొంతసేపు బ్రతికించగలిగినాడు. 1966లో క్లార్క్, గోలన్ అనువారు ఫ్లోరోకార్బన్ ద్రవాన్ని ఎన్నుకొన్నారు. మామూలు ఒత్తిడిలోనే 100 మిల్లీలీటర్ల ఆ ద్రవం సుమారు 50 మిల్లీలీటర్ల ప్రాణవాయువును ఇముడ్చుకొంటుంది. నీరు మూడింటికి మించి ఇముడ్చుకోలేదు. ఆ ద్రవంలో మునిగిన ఎలుకలు ఊపిరి పీల్చుతూ బ్రతికినవి. 1989లో వచ్చిన ‘అబిస్’ చిత్రంలో ఎలుక మునక నిజమైనదే. నటుని మునక మాత్రం నటనయే.

ప్రాణవాయువు లోనికి పోవడం సులభమే; బొగ్గుపులుసు వాయువు వెలికి రావడమే కష్టం. ఊరక కూర్చున్న మనిషికైనా నిమిషానికి 5 లీటర్ల ద్రవం లోపలికి వచ్చి పోవలెను; శ్రమించేవానికి దానికి రెట్టింపయినా కావాలి. ఆ ద్రవమో నీటికంటె దాదాపు రెండింతలు బరువు! పక్కటెముకల కండరాలు అంత మోత మోయలేవు. యంత్రంతో పంపు చేయవలసినదే.

మానవులలో ఈ ప్రయత్నం సముద్రంలో గాక ఆసుపత్రిలో ముందుకు సాగింది. 1989లో ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఆశ వదలుకొన్న, నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తులను ఈ ద్రవంతో నింపినారు. బిగిసిన తిత్తులు కొంత సడలినవి. శిశువులు మాత్రం దక్కలేదు. అటుపిమ్మట వైద్యులు ఆ మార్గంలో మరికొంత దూరం నడిచినారు గాని, ద్రవాన్ని పీల్చి సముద్రంలో దిగిన మనిషి ఇంతవరకు లేడు. బొగ్గుపులుసు వాయువును నేరుగా రక్తంనుండి తీసివేసే యంత్రాన్ని తొడలోని రక్తనాళానికి తగిలింతామని కొందరంటారు. 300 మీటర్ల అడుగున ఆ గొట్టం కాస్తా ఊడితే తిరిగి తగిలించే వైద్యుడెవడు?