ఇథనాల్ పెట్రోల్ పోస్తే ఫిల్టర్ ఎందుకు జామవుతుంది?

"బండి లాగట్లేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోకుండా గుంజుతోంది" అని షెడ్డుకు తీసుకెళ్తే ఈమధ్య చాలాచోట్ల వినిపించే జవాబు ఒకటే. "ఫిల్టర్ జామైంది సార్. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కదా, అంతే." ఫిల్టర్ మారుస్తారు, బిల్లు కడతాం, బండి బాగానే పరిగెడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే గుంజుడు. మెకానిక్ చెప్పిన జవాబులో సగం నిజముంది. మిగతా సగం ఎవరూ చెప్పకపోవడం వల్లే రెండోసారి బిల్లు పడుతోంది.

ఇథనాల్ తనంతట తాను ఏ ఫిల్టర్‌నూ మూసేయదు. ఫిల్టర్ కాగితంలోంచి పెట్రోల్ దిగినట్టే ఇథనాల్ కూడా దిగిపోతుంది. ఎక్కువగా జామ్ చేసేవి వేరే ఉన్నాయి: ఇథనాల్ కదిలించిన పాత మురికి, అది తనలో కలుపుకొని తెచ్చిన నీరు, ఆ నీటి వల్ల పుట్టిన తుప్పు. ఈ మూడింటికీ మందు వేర్వేరు. అందుకే పాత ఫిల్టర్‌ను చెత్తబుట్టలో పడేసే ముందు కోసి చూడాలని నేను గట్టిగా చెబుతాను. ఎలా చూడాలో చివర్లో వివరంగా రాస్తాను. ముందు ఆ మురికి ఎలా పుడుతుందో తెలియాలి.

అసలు ఈ ఫిల్టర్ ఎక్కడుంటుంది?

పెట్రోల్ కారులో వడపోత ఒక్కచోట జరగదు. ట్యాంకు అడుగున పంపు మోటారు మూతికి నైలాన్ జాలీ ఒకటి తొడిగి ఉంటుంది. అది ముతక రకం, పెద్ద నలుసులనే ఆపుతుంది. ఆ తరువాత అసలు ఫిల్టర్. మడతలు మడతలుగా పేర్చిన కాగితం, మిల్లీమీటరులో నూరోవంతు సైజు నలుసునైనా పట్టేస్తుంది. చివరగా ప్రతి ఇంజెక్టర్ నోటిదగ్గర గోరంత కూడా లేని చిన్న జల్లెడ. పాత మోడళ్లలో అసలు ఫిల్టర్ కారు కిందనో, ఇంజిన్ పక్కనో విడిగా ఉండేది. చేయిపెట్టి విప్పేయొచ్చు. ఇప్పటి చాలా కార్లలో దాన్ని పంపుతో కలిపి ట్యాంకులోపలే పెట్టేశారు. వెనక సీటు లేపి, మూత విప్పి, మొత్తం సెట్టు బయటకు తీస్తే తప్ప కనిపించదు. కొన్ని కంపెనీలు దీన్ని మార్చే గడువే చెప్పవు. ఈ పద్ధతి నాకు నచ్చదు. శుభ్రమైన పెట్రోల్ వస్తుందన్న నమ్మకం మీద కట్టిన లెక్క అది.

పాత బండికే ఎక్కువ ఎందుకు?

మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం కొత్తేమీ కాదు. 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. 2022 జూన్‌కి సగటు 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోల్‌ను, అంటే ఈ20ని, 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు. 2025కల్లా దాదాపు ప్రతి బంకులోనూ అదే దొరుకుతోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో రబ్బరు, లోహపు భాగాలు ఈ20కి తట్టుకునేలా పెట్టారు. అంతకు ముందు కొన్న బండ్లు మన రోడ్ల మీద ఎన్నో తిరుగుతున్నాయి. అవన్నీ ఇప్పుడు ఈ పెట్రోలే తాగుతున్నాయి.

పెట్రోల్ ఏళ్ల తరబడి ట్యాంకులో నిల్వ ఉంటూ, గాలి తగులుతూ ఉంటే అందులోని కొన్ని పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి జిగురులా మారతాయి. ఆ జిగురు ట్యాంకు గోడలకు, పైపుల లోపలికి పలచని పొరగా అంటుకుంటుంది. ఉత్త పెట్రోల్ దాన్ని కరిగించలేదు. కాబట్టి ఆ పొర ఎక్కడిదక్కడే ఉండి, ఎవరికీ ఇబ్బంది చేయకుండా పదేళ్లయినా గడిచిపోతుంది. ఆల్కహాల్ స్వభావం వేరు. వడ్రంగి పాలిష్ కోసం లక్కను స్పిరిట్‌లో వేస్తే ఎలా కరుగుతుందో, ట్యాంకులోని ఈ జిగురు కూడా ఇథనాల్ తగిలితే అలాగే వదులవుతుంది. కొంత కరిగి ముందుకు పోతుంది, కొంత పొట్టులా ఊడుతుంది. ఆ జిగురు పట్టుకొని ఉంచిన ఇనుప తుప్పు, దుమ్ము కూడా దాంతోపాటే లేస్తాయి. ఇదంతా నేరుగా వెళ్లి పడేది జాలీ మీద, ఫిల్టర్ మీద.

దీనర్థం ఏమిటంటే, ఈ రకం జామ్ ఎక్కువసార్లు రాదు. ఉన్న మురికి ఊడిపోయాక మళ్లీ ఊడేందుకు ఏమీ మిగలదు. ఇథనాల్ శాతం పెరిగిన తొలి రోజుల్లో, కొన్ని ట్యాంకుల పెట్రోల్ ఖర్చయ్యేలోపు వస్తుంది. అప్పుడు ఒకసారి ఫిల్టర్ మారిస్తే చాలావరకు సరిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తోందంటే కారణం ఇంకోచోట వెతకాలి.

మరి నీళ్లు ఎక్కడివి?

ఇథనాల్ నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. మామూలు పెట్రోల్‌లో నీరు పడితే విడిగా అడుగున కూర్చుంటుంది. ఇథనాల్ ఉంటే కొంతవరకు నీరు అందులోనే కలిసిపోయి, కంటికి కనపడకుండా ఇంజిన్‌లోకి వెళ్లి ఆవిరై పోతుంది. కొద్దిపాటి తడికి ఇది మేలే. హద్దు దాటితేనే చిక్కు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్, అంటే ఈ10, చల్లని పూట నూరు లీటర్లకు అర లీటరు వరకే నీటిని మోయగలదు. ఈ20 అంతకన్నా కాస్త ఎక్కువ మోస్తుంది. హద్దు దాటగానే ఇథనాల్ పెట్రోల్‌ను వదిలేసి నీటితో జతకడుతుంది. రెండూ కలిసి బరువైన పొరగా అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది అడుగునుంచే కదా! సరిగ్గా మండని ఆ ద్రవమే ఇంజెక్టర్‌కు చేరుతుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పడిన నీరు అర లీటరే అయినా, ఇథనాల్‌ను లాక్కుంటుంది కాబట్టి అడుగు పొర లీటర్లలో ఉంటుంది.

ఈ నీరంతా గాల్లోని తేమ నుంచే వస్తుందని చాలామంది భయపడుతున్నారు. కోస్తాలో ఉండేవాళ్లకు ఈ భయం మరీ ఎక్కువ. లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల వేడిలో, తేమతో పూర్తిగా నిండిన గాలి ఒక ఘనపు మీటరులో ఉండే నీరు సుమారు 30 గ్రాములు. 40 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉందనుకుంటే, అందులో గాలి 20 లీటర్లు. ఆ గాలిలో ఉన్న తేమ మొత్తం అర గ్రాము చిల్లర, అంటే పన్నెండు చుక్కలు. మిగతా సగంలో ఉన్న 20 లీటర్ల ఈ10 పెట్రోల్ విడిపోవాలంటే 100 మిల్లీలీటర్ల నీరు కావాలి. రోజూ ట్యాంకులోని గాలంతా కొత్తగా మారి, ఉన్న తేమంతా పెట్రోల్‌లో కలిసిపోయినా, నెలల తరబడి బండి తీయకుండా ఉంటే తప్ప ఆ హద్దు దాటదు. పైగా ఇప్పటి ట్యాంకులు దాదాపు మూసినట్టే ఉంటాయి, అంత గాలి మారే వీలే లేదు. రోజూ తిరిగే కారు యజమాని తేమ గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

100 మిల్లీలీటర్లంటే టీ గ్లాసుడు. అంత నీరు ఒకేసారి పడే దారులు వేరే ఉన్నాయి. బంకులో భూమిలోపల ఉండే ట్యాంకుల్లోకి భారీ వానలప్పుడు మూతల సందుల్లోంచి నీరు దిగుతుంది. వానాకాలంలో "పెట్రోల్‌లో నీళ్లు" అంటూ బంకుల దగ్గర గొడవలు జరిగేది ఇందుకే. కొలిచే కడ్డీకి రంగు మారే పేస్టు రాసి ట్యాంకు అడుగున నీరుందేమో చూడడం బంకుల్లో అలవాటుగా జరగాల్సిన పని. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పనికొచ్చే పేస్టు విడిగా ఉంటుంది, అది వాడకపోతే పరీక్ష చేసినా చేయనట్టే. మన వైపు నుంచైతే, పగిలిన ట్యాంకు మూత, అరిగిన రబ్బరు రింగు, వరద నీళ్లలో మునిగిన బండి. ఇవీ దారులు.

బంకులో అడిగితే ఫిల్టర్ కాగితం ఇస్తారు. దానిమీద చుక్క వేసి ఆరాక మరక మిగిలితే కల్తీ ఉన్నట్టు. నూనెల కల్తీకి అది మంచి పరీక్షే కానీ, నీటి సంగతి చెప్పదు. అనుమానముంటే తెల్లటి గాజు సీసాలో కాస్త పట్టించుకుని వెలుతురులో చూడండి. రెండు పొరలు కనపడితే విడిపోయినట్టే. మబ్బుగా మసకబారి ఉంటే హద్దుకు వచ్చినట్టు.

తుప్పు, తెల్ల పొడి

శుభ్రమైన పొడి ఇథనాల్ లోహాలను పెద్దగా తినదు. అందులో నీరు, లవణాలు, కాస్త అసిటిక్ ఆమ్లం చేరితే విద్యుత్తు ప్రవహించే ద్రవంగా మారి, ఇనుము, జింకు, అల్యూమినియం భాగాలను కొరుకుతుంది. బ్రెజిల్ ఈ పాఠం మనకన్నా ముందే నేర్చుకుంది. 1975లో అక్కడి ప్రభుత్వం చెరకు ఆల్కహాల్ పథకం పెట్టింది. 1979లో ఫియట్ 147 పూర్తిగా ఆల్కహాల్‌తో నడిచే కారుగా అమ్మకానికి వచ్చింది. ఆ తొలితరం కార్లలో జింకు మిశ్రమంతో చేసిన కార్బురేటర్లు తుప్పు పట్టి పొడిపొడిగా రాలాయి. అక్కడి ఇంజినీర్లు కార్బురేటర్‌కు నికెల్ పూత, ట్యాంకుకు లోపలి పూత వేసి దారికి తెచ్చారు. ఇంధనాన్ని మార్చినప్పుడు దాన్ని మోసే లోహాన్నీ మార్చాలని వాళ్లు గుర్తించారు.

అమెరికాలో 2000ల దశకం మధ్యలో ఇంకో రకం తెల్లపొడి బయటపడింది. తయారీలో ఇథనాల్‌తో వచ్చిన సల్ఫేట్ లవణాలు, పెట్రోల్‌తో కలపగానే కరిగి ఉండలేక విడిపోయి బంకు ఫిల్టర్లను, ఇంజెక్టర్లను మూసేశాయి. ఆ తరువాతే అక్కడి ప్రమాణంలో సల్ఫేట్ కిలోకు 4 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టారు. తప్పు డిస్టిలరీలో జరిగినా, బిల్లు కట్టేది కారు యజమానే.

పాత ఫిల్టర్‌ను చదవడం ఎలా?

విడిగా ఉండే డబ్బా ఫిల్టరైతే విప్పగానే, పెట్రోల్ లోపలికి వచ్చే వైపు నుంచి వెనక్కి ఒక తెల్ల పింగాణీ గిన్నెలోకి వంచండి. మురికంతా పోగయ్యేది ఆ వైపే. రెండోవైపు నుంచి వంచితే శుభ్రమైన పెట్రోల్ వస్తుంది, మోసపోతాం. తరువాత ఆరుబయట పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, చేతిరంపంతో డబ్బా కోయించండి. గ్రైండర్ పెట్టనివ్వొద్దు, నిప్పురవ్వ ఒకటి చాలు. దగ్గర్లో సిగరెట్, పొయ్యి ఏవీ ఉండకూడదు. లోపలి కాగితం మడతలు విప్పి పరిచి చూడండి.

కాగితమంతా సమానంగా లేత బూడిద రంగులో ఉంటే అది వయసు మీద పడ్డ ఫిల్టర్. కంగారేమీ లేదు. ఎర్రగా, వేళ్లమధ్య నలిపితే గరగరలాడితే తుప్పు. మీ బండిది ఇనుప ట్యాంకైతే లోపల టార్చి వేసి చూడాల్సిందే. ప్లాస్టిక్ ట్యాంకైతే ఆ తుప్పు చాలావరకు బయటినుంచి వచ్చిందే, పోసే బంకు మార్చండి. నల్లగా జిగటగా ఉండి, స్పిరిట్ చుక్క వేస్తే కరిగి పారితే పాత జిగురు. ఇది పైన చెప్పిన ఒకసారి వచ్చిపోయే రకం. నల్లటి మెత్తని నలుసులు, నొక్కితే రబ్బరులా సాగి మరకపడితే, పాత రబ్బరు పైపు ఇథనాల్‌కు ఉబ్బి లోపల్నుంచి ఊడుతోంది. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. ఆ పైపు రేపు పగిలితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. తెల్లటి పొడి కనపడితే దాని మీద నీటిచుక్క వేయండి. కరిగితే లవణం, ఇంధనంతో వచ్చింది. కరగకుండా జెల్లీలా ఉంటే అల్యూమినియం భాగమేదో తుప్పు పడుతోంది.

జామైన ఫిల్టర్‌తో కొన్నాళ్లు నెట్టుకొద్దాం అనుకోవద్దు. పంపు మోటారును చల్లబరిచేది దానిలోంచి పారే పెట్రోలే. దారి మూసుకుపోతే మోటారు ఎక్కువ కష్టపడి, తక్కువ చల్లబడి కాలిపోతుంది. వెనక సీటు కిందనుంచి సన్నగా కీచుమనే శబ్దం కొత్తగా మొదలైతే అది హెచ్చరిక. పంపు ఖరీదు ముందు ఫిల్టర్ ఖరీదు ఏపాటిది! ఇంకొకటి, ఈ20లో లీటరుకు శక్తి ఉత్త పెట్రోల్ కన్నా సుమారు 7 శాతం తక్కువ. అదే పనికి పంపు అంతమేర ఎక్కువ ఇంధనం తోడాలి. అందుకే ఇదివరకు బయటపడని సగం జామ్ ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. షెడ్డులో ప్రెషర్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ తొక్కి ఉంచినప్పుడు కొలిపించండి. ఖాళీగా నడుస్తున్నప్పుడు సరిగ్గా చూపించే బండి, లోడు మీద పడిపోవచ్చు.

రెండో ఫిల్టర్‌లోనూ అదే రంగు మురికి కనపడితే మూడోది కొనకండి. ట్యాంకు దించమనండి. పెట్రోల్ మొత్తం తోడించి, అడుగు మడ్డి తుడిపించి, జాలీ కొత్తది వేయించండి. నీళ్లతో కడిగితే మాత్రం పూర్తిగా ఆరేదాకా బిగించనివ్వొద్దు. ట్యాంకు దిగి ఉన్నప్పుడే ఇథనాల్‌కు తట్టుకునే రకం పైపులు, మూత రబ్బరు రింగు కూడా మార్పిస్తే మళ్లీ దించే కూలి తప్పుతుంది.