ఎర్రసముద్రపు వర్తకుడు

సాహసగాథలలో రెండు తెగలున్నవి. ఇంట కూర్చుండి ఊహించి వ్రాసినవి ఒక తెగ. తాను తిరిగిన నేలను, తాను పడిన పాట్లను కథగా మలచినవి మరొక తెగ. రెండవ తెగ రచయితలలో ఫ్రెంచి వర్తకుడైన ఆన్రీ ద మోన్‌ఫ్రెద్‌ను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

మోన్‌ఫ్రెద్ 1879లో దక్షిణ ఫ్రాన్సు సముద్రతీరమున జన్మించినాడు. తండ్రి చిత్రకారుడు; ప్రసిద్ధ చిత్రకారుడు గోగాఁకు ఆప్తమిత్రుడు. కుమారుడు వ్యాపారములోనికి దిగినాడు గాని స్వదేశములో పాల వ్యాపారము అతనికి అచ్చిరాలేదు. 1911లో ఎర్రసముద్రపు ముఖద్వారమున నున్న జిబూటీ చేరి, కాఫీ గింజలు, తోళ్ళు కొను కొలువులో కుదిరినాడు. ఆ కొలువు ఎంతోకాలము సాగలేదు. సొంతముగా తెరచాప ఓడ సంపాదించి, అరబ్బీ భాష నేర్చి, ఇస్లాము స్వీకరించి, అబ్దుల్ హై అను పేరుతో స్థానిక నావికుల నడుమ మెలగినాడు.

మొదట ముత్యాల బేరము. తరువాత తుపాకుల దొంగరవాణా. ఆపై గ్రీసులో కొన్న హషీష్ అను మత్తుసరుకును ఈజిప్టుకు చేర్చుట. జిబూటీలో చెరసాల కూడ చూచినాడు. ఇథియోపియాలోని దిరె దావాలో పిండిమర, విద్యుత్కేంద్రము నెలకొల్పినదీ ఈతడే.

1930లో బానిసల వ్యాపారమును గూర్చి పత్రికకు వ్రాయుటకై వచ్చిన జోసెఫ్ కెసెల్ ఈతని అనుభవములు విని, వాటిని గ్రంథస్థము చేయుమని ప్రోత్సహించినాడు. అప్పటికి మోన్‌ఫ్రెద్‌కు ఏబది యేండ్లు నిండినవి. 1931లో వెలువడిన 'ఎర్రసముద్ర రహస్యములు' అతనికి కీర్తి తెచ్చినది. ఆ తరువాత అతడు వ్రాసిన పుస్తకములు సుమారు 70.

వర్తకుని లెక్క కథగా మారుటెట్లు? సరుకు, ధర, గాలివాటము, పహరా ఓడ: ఇవి వ్యాపారికి నిత్యవిషయములు. వీటినే కథకుడు వరుస మార్చి, బిగించి చెప్పినచో ఉత్కంఠ పుట్టును. లెక్కలో నష్టమైనది కథలో సాహసమగును. చట్టమునకు నేరమైనది పాఠకునికి ధైర్యముగా తోచును. 'నేను' అని చెప్పువాని మాటను మనము తేలికగా నమ్ముదుము.

ఇచ్చటనే మనము జాగరూకులము కావలెను. హషీష్ చేరిన ఇండ్లలో ఏమి జరిగినదో ఓడమీద కూర్చున్నవానికి కానరాదు. అతనితో ప్రాణములకు తెగించి తెరచాపలు లాగిన నావికులు తమ కథ తాము వ్రాయలేదు. 1933లో ఇథియోపియా నుండి బహిష్కృతుడై, 1935లో ఇటలీ ఆ దేశముపై దండెత్తినపుడు దండెత్తినవారి పక్షమే వహించినాడు. 1942లో ఆంగ్లేయులు నిర్బంధించి కెన్యాకు పంపినారు. 1947లో స్వదేశము చేరి, 1974లో మరణించినాడు.

కావున అతని పుస్తకములు చదువరాదని మేమనము. సముద్రమును అంత దగ్గరగా ఎరిగి వ్రాసినవారు అరుదు. అయితే, తన కథను తానే చెప్పుకొను వర్తకుడు తన సరుకును తానే తూచుకొను వానివంటివాడు. సరుకు మేలైనదే కావచ్చును. తక్కెడ మాత్రము మన చేతిలో ఉండవలెను. సాహసగాథ విన్నపుడెల్ల, మాటాడుచున్నది ఎవరు, మాటాడక మిగిలినది ఎవరు అని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. కథలోని రుచి తగ్గదు. మన వివేకము పెరుగును.