ఆ ఏనుగును చూసినవారెవరు?

భారతదేశానికి బోధించడానికి వచ్చిన ఒక మిషనరీ ఇక్కడ నేర్చుకున్న పాఠంతో తన స్వదేశాన్నే ప్రశ్నించాడు. లెస్లీ న్యూబిగిన్ జీవితం, ఆలోచనలు.

1974వ సంవత్సరంలో పదవీ విరమణ చేసిన ఒక బిషప్పు తన భార్యతో కలిసి మద్రాసు నుంచి ఇంగ్లండుకు బయలుదేరాడు. వారు విమానం ఎక్కలేదు, ఓడా ఎక్కలేదు. రెండు సూట్‌కేసులు, వీపున తగిలించుకునే ఒక సంచి, ఇంతే వారి సామాను. ఎక్కడికక్కడ దొరికిన బస్సు పట్టుకుంటూ, దేశాల సరిహద్దులు ఒక్కొక్కటే దాటుకుంటూ, పశ్చిమాసియా మీదుగా టర్కీ చేరారు. అప్పటికి ఆయన వయస్సు అరవై నాలుగు.

దారిపొడుగునా ప్రతి ఆదివారమూ ఎక్కడో ఒకచోట తోటి క్రైస్తవులు కనిపించారు, వారితో కలిసి ఆరాధన జరిగింది. టర్కీలోని కప్పదొకియ ప్రాంతంలో మాత్రం ఒక్కరూ కనిపించలేదు. నాలుగో శతాబ్దిలో బాసిల్, నిస్సా గ్రెగరీ, నజియాంజస్ గ్రెగరీ వంటి మహావేదాంతులను కన్న నేల అది. ఆ ఆదివారం ఆ వృద్ధ దంపతులు ఇద్దరే కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. ఒక విశ్వాసం ఒక గడ్డపై ఎంత లోతుగా వేళ్లూనినా, అక్కడ అది శాశ్వతంగా నిలిచివుంటుందన్న హామీ ఏదీ లేదు. ఈ సత్యం ఆయన మనస్సులో నాటుకుపోయింది.

ఇంగ్లండు చేరిన తరువాత మిత్రులు ఆయనను తరచు ఒక ప్రశ్న అడిగేవారు: భారతదేశం నుంచి తిరిగివచ్చాక మీకు అన్నిటికన్న కష్టమనిపించినదేమిటి? వారు చలి గురించో, ధరల గురించో చెబుతాడనుకుని ఉంటారు. ఇక్కడ ఆశ కనుమరుగైపోయిందని ఆయన జవాబిచ్చేవాడు. మద్రాసు మురికివాడల్లో, రేకుల గుడిసెల మధ్య, రేపు నేటికంటె మెరుగుగా ఉంటుందన్న నమ్మకం ఆయనకు కనిపించింది. సంపన్నమైన ఇంగ్లండులో ఆ నమ్మకం కోసం వెతుక్కోవలసివచ్చింది. ఒక నాగరికత తన భవిష్యత్తుపై నమ్మకాన్ని ఎందుకు పోగొట్టుకుంటుంది? తరువాతి పాతికేళ్ల ఆయన జీవితమంతా ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే.

బొగ్గుగనుల లోయలో

జేమ్స్ ఎడ్వర్డ్ లెస్లీ న్యూబిగిన్ 1909 డిసెంబరు 8న ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరంలో జన్మించాడు. తండ్రి ఓడల వ్యాపారి, భక్తిపరుడు. కొడుకు మాత్రం 1928లో కేంబ్రిడ్జిలో చేరేనాటికి మతాన్ని పక్కకు పెట్టేశాడు. ఆ మరుసటి వేసవిలో సౌత్ వేల్స్ బొగ్గుగనుల ప్రాంతానికి సేవాకార్యక్రమం నిమిత్తం వెళ్లాడు. పనులు పోయి, రోజులు గడవక, తాగుడుకు లోబడుతున్న గనికార్మికులను అక్కడ చూశాడు. వారికి తాను ఇవ్వగలిగినదేమీ లేదన్న నిస్సహాయతతో ఒక రాత్రి మేలుకుని ఉండగా, భూమినీ ఆకాశాన్నీ కలుపుతూ సిలువ ఆయన మనోనేత్రానికి గోచరించింది. మానవుని అధమస్థితి దాకా దిగిరాగలిగినదీ, అక్కడినుంచి అతణ్ణి పైకెత్తగలిగినదీ అదొక్కటేనని అనిపించింది. ఆయన వేదాంతానికి గ్రంథాలయం కాక, ఆ లోయ పుట్టినిల్లయింది.

1936లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ గురువుగా అభిషిక్తుడై, హెలెన్ హెండర్సన్‌ను వివాహమాడి, ఆ ఏడాదే భారతదేశానికి ఓడ ఎక్కాడు. వచ్చిన కొద్దికాలానికే బస్సు ప్రమాదంలో కాలు విరిగింది. చికిత్స కోసం తిరిగి స్వదేశం వెళ్లవలసివచ్చింది. 1939లో మళ్లీ వచ్చి కాంచీపురంలో స్థిరపడ్డాడు. తమిళం నేర్చుకున్నాడు. రామకృష్ణ మిషన్ స్వాములతో కలిసి నేలపై కూర్చుని ఒక వారం ఉపనిషత్తులు, మరొక వారం యోహాను సువార్త మూలభాషల్లో చదివేవాడు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. బిషప్పులు ఉండితీరాలనే ఆంగ్లికనులు, బిషప్పులే అక్కరలేదనే ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలిస్టులు, వారితో పాటు మెథడిస్టులు ఒకే సంఘంగా కలిశారు. క్రైస్తవ చరిత్రలో ఇటువంటి కలయిక అదే మొదటిది. దీనికి మన తెలుగునాటితో గాఢమైన సంబంధం ఉంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా నిలిచిన వి. ఎస్. అజరయ్య ఈ ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నాటినుంచి పాటుపడ్డాడు. ఫలితం చూడకుండానే 1945లో కన్నుమూశాడు. ఆ కొత్త సంఘంలో మదురై, రామనాథపురాలకు బిషప్పు అయిన న్యూబిగిన్‌కు అప్పుడు ముప్ఫై ఏడేళ్లు. బిషప్పులు లేని సంప్రదాయంలో పెరిగినవాడు తానే బిషప్పు కావడం ఆ ఐక్యతకు సజీవ నిదర్శనం. 1959లో ప్రపంచ స్థాయి బాధ్యతలపై భారతదేశం విడిచివెళ్లాడు. 1965లో మద్రాసు బిషప్పుగా మళ్లీ వచ్చి, 1974 వరకు ఆ పదవిలో ఉన్నాడు.

చిత్రపటాల వరుస

స్వాములతో గడిపిన రోజులనాటి ఒక దృశ్యాన్ని ఆయన జీవితాంతం తలచుకున్నాడు. మఠంలోని పెద్ద హాలులో ప్రపంచంలోని మహాపురుషుల చిత్రపటాలు వరుసగా ఉండేవి. వాటిలో యేసు పటం కూడ ఒకటి. ఏటా క్రిస్మస్ రోజున ఆ పటానికి పూజ జరిగేది. యేసును గౌరవించే పేరుతో ఆయనను హిందూ ప్రపంచ దృష్టిలో ఒక మూలన సర్దివేశారనీ, ఆ దృష్టి మాత్రం చెక్కుచెదరలేదనీ యువ మిషనరీకి తోచింది.

కాని ఎన్నో ఏళ్ల తరువాత ఆ వేలు తనవైపే తిరిగింది. మరి ఐరోపావారు చేసినదేమిటి? వారూ తమ ఆధునిక ప్రపంచ దృష్టిని చెక్కుచెదరనీయకుండా, అందులో ఖాళీగా ఉన్న ఒక గూటిలో యేసును కూర్చోబెట్టలేదా? ఆ గూటి పేరు ‘వ్యక్తిగత అభిరుచి’. వారు కూడ ఏడాదికొకసారి ఆ పటానికి దండవేసి, తక్కిన రోజుల్లో తమ లోకంలో తాము బతుకుతున్నారు. ఈ స్వీయ విమర్శను ఆయన 1986లో వెలువడిన ‘ఫూలిష్‌నెస్ టు ద గ్రీక్స్’ గ్రంథంలో ఏ దాపరికమూ లేకుండా వివరించాడు. పరాయివారి కంట్లో నలుసును చూసినవాడు తన కంట్లో దూలాన్ని గుర్తించిన అరుదైన సందర్భమిది.

యథార్థం, విలువ

పాశ్చాత్య ఆధునికతపై న్యూబిగిన్ చేసిన ప్రధాన అభియోగం ఇది: ఆ సంస్కృతి జ్ఞానాన్ని రెండు గదులుగా విభజించింది. మొదటిది యథార్థాల గది. అక్కడ విజ్ఞానశాస్త్రం ఉంటుంది, అందరూ అంగీకరించి తీరాలి. రెండవది విలువల గది. అక్కడ మతం, నీతి, జీవిత పరమార్థం ఉంటాయి, ఎవరిష్టం వారిది. మనిషి శరీర నిర్మాణాన్ని వంశానుగత కణాంశాలు ఎలా నిర్దేశిస్తాయో పాఠశాలలో యథార్థంగా బోధిస్తారు. మనిషి దేనికోసం పుట్టాడన్న ప్రశ్న వస్తే, ‘కొందరు ఇలా నమ్ముతారు’ అని ఊరుకుంటారు. ఒక యంత్రం దేనికోసం తయారైనదో తెలియకుండా అది మంచి యంత్రమో కాదో చెప్పగలమా? పరమార్థాన్ని బహిరంగ చర్చ నుంచి వెలివేసిన సమాజం మంచిచెడులను గురించి ఏకాభిప్రాయానికి రాలేదు. ఆశ అడుగంటిపోవడానికి మూలం అక్కడే ఉందని ఆయన నిర్ధారణ.

రెండు గదుల మధ్య గోడను కూల్చడానికి ఆయనకు ఒక శాస్త్రజ్ఞుడే తోడ్పడ్డాడు. హంగరీలో పుట్టి రసాయనశాస్త్రంలో పేరు గడించిన మైకేల్ పొలాన్యీ 1958లో ‘పర్సనల్ నాలెడ్జ్’ అనే గ్రంథం ప్రకటించాడు. శాస్త్రజ్ఞుడు కూడ ముందు నమ్మకంతోనే మొదలుపెడతాడు. గురువును నమ్ముతాడు, పరికరాన్ని నమ్ముతాడు, ప్రకృతిలో క్రమం ఉన్నదని నమ్ముతాడు. ఒక విషయాన్ని శంకించాలంటే మరికొన్ని విషయాలను శంకించకుండా ఉండాలి. అన్నిటినీ ఒక్కసారిగా శంకించడం, తాను కూర్చున్న కొమ్మతోపాటు కాళ్లకింది నేలను కూడ నరుక్కోవాలనుకోవడం వంటిది. పదిహేడో శతాబ్దిలో డెకార్ట్ కోరుకున్న నిస్సంశయ జ్ఞానం మనిషికి అందేది కాదు. కాబట్టి విజ్ఞానం ఒకవైపు, విశ్వాసం మరొకవైపు అన్న విభజనే పొరపాటని న్యూబిగిన్ వాదించాడు.

అనువాదం నా వృత్తి. ‘సెక్యులర్’ అనే మాట ఎదురైన ప్రతిసారీ కలం ఆగుతుంది. ‘లౌకిక’ అని రాస్తాము. లౌకికం, లౌక్యం రెండూ ‘లోకం’ నుంచి వచ్చినవే. ఆ మాటలో లోకజ్ఞానం ఉన్నదే గాని, దైవాన్ని గడప బయట నిలబెట్టడం లేదు. 1976లో ఆమోదం పొందిన 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగ పీఠికలో చేరిన ఆ పదానికి మనం చెప్పుకునే అర్థం అన్ని మతాల పట్ల సమాదరం. న్యూబిగిన్ విమర్శించినది ఈ సమాదరాన్ని కాదు. దేవుని ఊసు లేకుండానే నిజాన్నంతటినీ చెప్పగలమనే భావాన్ని. ఈ తేడా గమనించకపోతే ఆయనకు అన్యాయం చేసినవారమవుతాము.

అన్నట్టు, ఆయన మొదటినుంచీ ఈ అభిప్రాయంతోనే లేడు. 1966లో ప్రచురించిన ‘ఆనెస్ట్ రెలిజియన్ ఫర్ సెక్యులర్ మాన్’ అనే పుస్తకంలో లౌకికీకరణను సానుభూతితో పరిశీలించాడు. మతం పేరిట ఏర్పడిన పాత సంకెళ్లను అది తెంచుతుందని భావించాడు. తిరిగివెళ్లి దాని ఫలితాలను దగ్గరగా చూశాక మనస్సు మార్చుకున్నాడు. దేవుణ్ణి తొలగించిన పీఠం ఖాళీగా ఉండదు, మరొక విగ్రహం వచ్చి కూర్చుంటుంది అన్నది ఆయన తుది అభిప్రాయం. అదుపులేని మార్కెట్టును ఆయన అటువంటి విగ్రహాల్లో ఒకటిగా భావించాడు.

అంధగజ న్యాయం

మనకు చిరపరిచితమైన ఒక కథను న్యూబిగిన్ తిరగేసి చూపించాడు. గుడ్డివారు ఏనుగును తడిమారు. ఒకరికి స్తంభంలా, ఒకరికి చేటలా, ఒకరికి తాడులా తోచింది. మతాలన్నీ అంతే, ఒక్కొక్కటి సత్యంలో ఒక్కొక్క భాగాన్ని పట్టుకున్నదని తాత్పర్యం చెబుతాము. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. కాని ఈ కథ చెబుతున్నవారెవరు? గుడ్డివారు కారు. ఏనుగును పూర్తిగా చూసిన రాజు. తక్కినవారందరూ గుడ్డివారనీ, తాను మాత్రమే చూశాననీ చెప్పడం వినయమా, అహంకారమా?

వాదం పదునైనదే. అయినా భారతీయ పాఠకునికి ఇక్కడ చెప్పవలసినది కొంత ఉంది. జైనుల అనేకాంతవాదం ఈ కథను వినియోగించుకున్నది రాజు పీఠం ఎక్కడానికి కాదు, నా చేతికి అందినదే ఏనుగంతా కాకపోవచ్చునని తనను తాను హెచ్చరించుకోవడానికి. తడిమినవారి మాటలు పరస్పరం పొసగకపోవడం చూసినవాడు, తాను గుడ్డివాడై ఉండి కూడ, ఆ అనుమానానికి రావచ్చు. అందుకు రాజు కళ్లు అవసరం లేదు.

దేశంలోపలి క్రైస్తవుల నుంచి కూడ ఆయనకు ప్రతివాదం ఎదురైంది. కేరళకు చెందిన వేదాంతి ఎం. ఎం. థామస్ 1971లో ‘సాల్వేషన్ అండ్ హ్యూమనైజేషన్’ గ్రంథం ప్రచురించాడు. సంఘం గోడలకు వెలుపల, మానవ గౌరవం కోసం సాగే లౌకిక పోరాటాల్లోనూ క్రీస్తు సహవాసం ఏర్పడగలదని ఆయన దృక్పథం. విశ్వాసానికి కంటికి కనిపించే సంఘరూపం ఉండితీరాలని న్యూబిగిన్ పట్టుబట్టాడు. ఇద్దరి మధ్య జరిగిన చర్చ మర్యాదకు, మేధకు మేలిమి ఉదాహరణ. కులం మతం మార్చుకున్నా వదలని మన సమాజంలో, సంఘంలో చేరడం అంటే ఏమిటన్న ఆ ప్రశ్న నేటికీ తెగలేదు.

పరదేశ పాలకుల నీడలో వచ్చిన మిషనరీ ‘ఇదే సత్యం’ అంటే ఇక్కడివారి మనస్సు ముడుచుకోవడం సహజం. న్యూబిగిన్‌కు ఆ చరిత్ర తెలుసు. రాజ్యాధికారంతో మతాన్ని ముడిపెట్టిన పాత క్రైస్తవ సామ్రాజ్యం తిరిగి రావాలని ఆయన కోరలేదు. సత్యాన్ని నలుగురిలో చెప్పాలి, బలవంతపెట్టకూడదు, కాదనేవారి మాట వినాలి అన్నాడు. సిలువపై ఓడిపోయిన వ్యక్తిని అనుసరించేవారు కత్తి పట్టుకోలేరన్నది ఆయన తర్కం.

జైలు ఎదుటి చర్చి

సిద్ధాంతం కంటె ఆయన జీవిత చరమాంకమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. సుమారు డెబ్బయ్యో ఏట, బర్మింగ్‌హామ్‌లోని వింసన్ గ్రీన్ అనే పేదపేటలో, కారాగారానికి ఎదురుగా ఉన్న చిన్న చర్చిని మూసివేయాలన్న ఆలోచన వచ్చింది. పేదవారిని విడిచి, కలిగినవారుండే పేటలకు సంఘం తరలిపోతే అది చెప్పే మాటకు విలువేముంటుందని ఆయన అభ్యంతరం చెప్పాడు. అయితే నువ్వే నడుపు అన్నారు. జీతం లేకుండా ఒప్పుకున్నాడు. ఒకప్పుడు మహానగరానికి బిషప్పుగా ఉన్నవాడు, గుప్పెడుమంది సంఘానికి కాపరియై, ఇంటింటి తలుపు తట్టాడు. భారత ఉపఖండం నుంచి వలసవెళ్లినవారి ఇళ్లలో ఆదరంగా కూర్చోబెట్టేవారు. తన సొంత జాతివారి గుమ్మాల్లో ఎక్కువగా ఎదురైనది చల్లని నిరాసక్తత. భారతదేశంలో తాను ఎదుర్కొన్న వ్యతిరేకత కంటె ఆ నిర్లక్ష్యం భరించడం కష్టమని ఆయన దాచుకోకుండా చెప్పాడు.

1989లో వచ్చిన ‘ద గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ’ లో ఆయన చేరుకున్న ముగింపు ఆ చిన్న చర్చిలో పండినదే. సువార్త నమ్మదగినదని లోకానికి అర్థం కావాలంటే వాదాలు చాలవు, దానిని నమ్మి దాని ప్రకారం బతికే ఒక చిన్న సమూహం కళ్లెదుట ఉండాలి. గ్రంథానికి భాష్యం ఆ మనుషులే.

చివరి సంవత్సరాల్లో చూపు దాదాపు పోయింది. ఇతరులు చదివి వినిపిస్తుంటే వింటూ, ఆలోచిస్తూ, మాట్లాడుతూనే ఉన్నాడు. 1998 జనవరి 30న కన్నుమూశాడు.

ఆయన చెప్పినదంతా అంగీకరించనక్కరలేదు. ఈ వ్యాసకర్త కూడ అంగీకరించలేదు. కాని చదివిన తరువాత ఒక ప్రశ్న వదలిపెట్టదు. ఎదుటివారి చిత్రపటాల వరుసను చూసి మనం నవ్వుకుంటాము, లేదా మెచ్చుకుంటాము. మన ఇంటి గోడమీద మన సౌకర్యం కోసం మనం ఎవరి పటాన్ని తగిలించి, ఆ మనిషి మాటలను మరచిపోయామో ఎప్పుడైనా తలెత్తి చూశామా? కంచిలో ఒక పరదేశికి కలిగిన ఆ సందేహం మనలో ప్రతి ఒక్కరికీ ఒకసారి కలిగితే మంచిది.