రివాల్వర్ – ఎడమచేతి వాటం

రివాల్వర్ ఒక చేతి తుపాకి. ఇందులో తిరిగే సిలిండర్ అరలలో (సాధారణంగా ఆరు) తూటాలు ఉంటాయి. దీని మీటలు చాలావరకు కుడిచేతి వాటం వారికి అనువుగా అమర్చబడినవి. అందువలన ఎడమచేతి వాటం (పుర్రచేతి వాటం) గలవారు తూటాలు నింపే పద్ధతిని కొంత మార్చుకోవలసి ఉంటుంది. కాల్చడంలో మాత్రం వీరికి పెద్ద ఇబ్బంది లేదు. ట్రిగ్గర్, సుత్తి తుపాకి నడిమధ్యనే ఉంటాయి. అనేక పిస్తోళ్ళలో వలె ఖాళీ తొడుగులు కుడివైపునకు ఎగిరి ముఖం ముందుగా పోవు.

పాత రకం

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌లో తూటాలు నింపే ద్వారం కుడివైపున ఉంది. కుడిచేతి వాటం వారు తుపాకిని ఎడమచేతికి మార్చుకొని నింపుతారు. ఎడమచేతి వాటం వారికి ఆ మార్పు అవసరం లేదు. దీనినిబట్టి శామ్యూల్ కోల్ట్‌ది ఎడమచేతి వాటమని ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. అయితే కోల్ట్ 1862లోనే మరణించాడు గనుక ఈ తుపాకిని అందుకు సాక్ష్యంగా చూపడం చెల్లదు.

ప్రక్కకు తెరుచుకొనే సిలిండర్

ఆధునిక రివాల్వర్లలో ఎక్కువభాగం సిలిండర్ ఎడమవైపునకు తెరుచుకుంటుంది. దానిని విడిపించే మీట కూడా ఎడమవైపే, కుడిచేతి బొటనవ్రేలికి అందేటట్లు ఉంటుంది. ఈ మీటను స్మిత్ అండ్ వెస్సన్‌లో ముందుకు నెట్టాలి, కోల్ట్‌లో వెనుకకు లాగాలి, రూగర్‌లో లోపలికి నొక్కాలి. ఎడమచేతితో పట్టుకొన్నప్పుడు చూపుడువ్రేలు ఎడమ ప్రక్కనే ఉంటుంది. కాబట్టి దానిని ట్రిగ్గర్ నుండి పూర్తిగా తీసి మీటపైకి తేవచ్చు. ఇందులో ఒక మేలున్నది: వ్రేలు మీటపై ఉన్నంతసేపూ ట్రిగ్గర్‌పై ఉండదు.

తరువాత కుడిచేతి వ్రేళ్ళతో సిలిండర్‌ను ఎడమవైపునకు నెట్టి, గొట్టం మూతిని పైకెత్తి, కుడి అరచేతితో ఎజెక్టర్ కడ్డీని ఒక్కసారిగా నొక్కితే ఖాళీ తొడుగులు క్రింద పడతాయి. పిమ్మట మూతిని నేలవైపు దించి కుడిచేతితో తూటాలు నింపాలి. ఇంత సేపూ తుపాకి ఎడమచేతిలోనే ఉంటుంది. కొందరు దానిని చేతులు మార్చి నింపుతారు. మార్చే సమయంలో మూతి తమవైపో, ప్రక్కవారివైపో తిరిగే ప్రమాదమున్నది గనుక ఈ పద్ధతికి మరింత జాగ్రత్త కావాలి. సినిమాలలో చూపినట్లు మణికట్టు విదిల్చి సిలిండర్‌ను మూయరాదు; దానిని మోసే ఇరుసు భాగం వంగుతుంది. అభ్యాసం ఉత్తుత్తి తూటాలతో మొదలుపెట్టాలి.

వాటం ఏదైనా, సిలిండర్‌కు, గొట్టానికి మధ్యగల సన్నని సందు ప్రక్కన వ్రేళ్ళు ఉంచరాదు. కాల్చినప్పుడు అక్కడినుండి వేడి వాయువులు ఇరువైపులకూ చిమ్ముతాయి.

ఇతర రకాలు

వెబ్లీ రివాల్వర్లు మధ్యకు విరిగి తెరుచుకుంటాయి, తొడుగులు వాటంతట అవే పైకి లేస్తాయి. వీటి మీట ఎడమవైపు ఉన్నా, తెరిచిన తరువాత రెండు చేతులకూ సమానమే. భారతదేశంలో కాన్పూరులో తయారైన .32 రివాల్వర్, 2014లో వెలువడిన నిర్భీక్ ఈ కోవకు చెందినవే. (భారతదేశంలో వీటిని కలిగి ఉండుటకు 1959 ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు తప్పనిసరి.) అమెరికాకు చెందిన చార్టర్ ఆర్మ్స్ సంస్థ సౌత్‌పా అనే పేరుతో అద్దంలో ప్రతిబింబం వంటి రివాల్వర్‌ను తయారుచేసింది. దాని మీట కుడివైపు ఉంటుంది, సిలిండర్ కూడా కుడివైపునకే తెరుచుకుంటుంది.