పస్తు వేరు, ఉపవాసం వేరు

ఒంగోలు: శ్రమల దినాలు వచ్చాయంటే ప్రకాశం జిల్లాలోని క్రైస్తవ పల్లెల్లో వంటింటి తీరు మారుతుంది. భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందురోజు వరకు, ఆదివారాలు తీసివేయగా మిగిలే 40 రోజులు కొందరు మాంసం మానుకుంటారు. కొందరు టీ మానుకుంటారు. చుట్ట, బీడీ, వక్కాకు వదిలేవారూ లేకపోలేదు. శుక్రవారం నాడు మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని ఆడవాళ్లు చాలా ఊళ్లలో కనిపిస్తారు. తెల్లవారుజామున మిరపకోతకు వెళ్లి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కాళ్లూ చేతులూ కడుక్కుని ఉపవాస ప్రార్థనకు వచ్చి కూర్చునేవారు వీరిలో ఉన్నారు.

కతోలిక సంఘంలో దీనికి నియమమే ఉన్నది. 18 ఏళ్లు నిండినవారు 59 ఏళ్లు నిండేవరకు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రోజుల్లో ఒక్కపూట మాత్రమే కడుపునిండా తినాలి. 14 ఏళ్లు దాటినవారు ఆ రెండు రోజులూ మాంసం ముట్టరాదు. ఈ ప్రాంతంలో బాగా పాతుకుపోయిన బాప్టిస్టు సంఘాలలో ఇటువంటి రాతపూర్వకమైన కట్టడి ఏదీ లేదు. ఎవరి మనస్సాక్షి వారిది. అయినప్పటికీ ఆచారం మాత్రం గట్టిగానే సాగుతున్నది.

కూడు లేక పడుకుంటే పస్తు, ఉట్టిలో ఉండీ చేయి చాపకపోతే ఉపవాసం అని పల్లెల్లో పెద్దవాళ్లు తేడా చెబుతారు. ఆ తేడాను ఈ జిల్లా క్రైస్తవుల తాతముత్తాతలు కడుపు మాడ్చుకుని నేర్చుకున్నారు.

చచ్చిన గొడ్డు మానిన కథ

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. అదే సంవత్సరం బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం చేసుకునే మాదిగ పెద్ద. అంతకుముందే రాజయోగం అభ్యసించినవాడు కావడం విశేషం. ఆయనవంటి వారి బోధ విని పల్లెపల్లెనా చేరిన విశ్వాసులకు ముఖ్యంగా మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయరాదు, విగ్రహాలకు మొక్కరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు.

మూడవది వినడానికి చిన్నదిగా తోస్తుంది. రైతు ఇంట గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, ఆ తోలుతో చెప్పులూ, మోటబావికి బానలూ కుట్టి ఇవ్వడం మాదిగల వంతు. ఆ మాంసం వారికి దక్కే ప్రతిఫలంలో ఒక భాగం. అంబలికే కరువైన ఇళ్లలో పిల్లల నోటికి మాంసం ముక్క అందే దారి చాలావరకు అదొక్కటే. అది వద్దనుకోవడమంటే ఆకలిని కోరి తెచ్చుకోవడమే. దీనికి తోడు, ఆదివారం పనికి రామన్నందుకు ఆసాములు పనులు మాన్పించడం, వేధించడం జరిగింది. అయినా మానినవారు మానారు. ఆ తిండినే సాకుగా చూపి ఊరు తమను దూరం పెడుతున్నప్పుడు ఆ కుండను బోర్లించడంలో భక్తి ఎంత ఉన్నదో, మర్యాదగా బతకాలన్న ఆరాటం కూడా అంతే ఉన్నదని అనుకోవాలి.

తర్వాత పదేళ్లకు ధాత కరువు వచ్చింది. 1876-78 మధ్య జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు మాత్రం ఆపివేశాడు. కూటికోసం కలిశారన్న నింద రాకూడదని ఆయన ఆలోచన. 1878లో సాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తర్వాత కూడా జనం తరలివచ్చారు. ఆ ఏడు జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఏటిలో నిలబడి ఇచ్చారు. కూటి కోసం మతం మారారన్న ఎత్తిపొడుపు ఇప్పటికీ అక్కడక్కడ వినవస్తుంది. అనేవారు ఆ రేవు సంగతి తెలుసుకుని అంటే బాగుండును.

తాగుబోతుకు తిట్లు, తిండిపోతుకు విస్తరి

ఆనాటి ఆకలి ఇప్పుడు లేదు. వరిగబువ్వ, సజ్జసంకటి తిన్న ఇళ్లలోకి 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన తర్వాత మూడు పూటలా వరి అన్నమే అలవాటయింది. దానితోపాటు షుగరు, బీపీ కూడా పల్లె చేరాయి. దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు ఉన్నదని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఒకప్పుడు పట్నం జబ్బు అనుకున్నది ఇప్పుడు కూలి ఇంట కూడా కూర్చున్నది.

గలతీయులకు రాసిన లేఖలో పౌలు ఆత్మఫలాల జాబితా చివర ఆశానిగ్రహాన్ని చేర్చాడు. సామెతల గ్రంథం తాగుబోతునూ తిండిపోతునూ ఒకే గాట కట్టి మందలిస్తుంది. ప్రసంగాలలో మాత్రం మొదటివాడికి పడినన్ని చీవాట్లు రెండవవాడికి పడవు. పైగా ఉపవాస కూడిక ముగియగానే ప్రేమవిందు పేరుతో బిర్యానీ, కోడికూర వడ్డించే ఊళ్లున్నాయి. పొద్దుటినుంచి మాడిన కడుపులో ఒక్కసారిగా అంత మసాలా పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మజ్జిగతోనో, పలుచటి గంజితోనో ఉపవాసం విడిచి, కాసేపు ఆగి మితంగా తినడం పెద్దల పద్ధతి.

షుగరు మాత్రలు మింగుతూ, ఇన్సులిన్ వేసుకుంటూ ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉండేవారితో మరో చిక్కు ఉన్నది. మందు పడి తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలై మనిషి స్పృహ తప్పవచ్చు. అది ఆత్మావేశమని పొరబడి ప్రార్థన చేస్తూ కూర్చుంటే ప్రాణానికే ముప్పు. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి, లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. గర్భిణులు, బాలింతలు, మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసానికి దిగరాదు. దానియేలు కూడా తిండి పూర్తిగా మానలేదు. రాజుగారి పంచభక్ష్యాలు వద్దని పది రోజులు శాకధాన్యాలతో, నీళ్లతో గడిపాడు. ఈ ఉదాహరణ చెప్పి, తిండి బదులు టీలో చక్కెర, ఊరగాయ మానుకోండని రోగులకు నచ్చజెప్పే పాస్టర్లు ఉండటం మెచ్చుకోదగినది.

పొరుగింటి పొంగలి

ఏడాది పొడుగునా వచ్చే చిక్కు ఇంకొకటి. పోలేరమ్మ కొలుపులో పక్కింటివారు పొంగలి పంపుతారు, బంధువులు వేటమాంసం తినడానికి పిలుస్తారు. కొరింథీ సంఘంలో సరిగ్గా ఈ తగవే వచ్చింది. అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తినమన్న పౌలు, విగ్రహానికి పెట్టినదని ఎవరైనా చెబితే అతని మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. మన ఊళ్లలో చాలామంది గిన్నె మర్యాదగా అందుకుని, ఎవరూ చూడకుండా పక్కన పెడతారు. వద్దని ముఖంమీద చెప్పి పొరుగువారి మనసు కష్టపెట్టడంకంటే అది మేలే.

గుప్పెడు బియ్యం

మానుకున్న తిండి ఎక్కడికి పోవాలన్నది మరో సంగతి. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడమే తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు చెప్పినట్లు యెషయా గ్రంథంలో ఉన్నది. దీనికి ఆడవాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. ఎసట్లో పోసేముందు ఆ బియ్యంలోనుంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్యగారు దోర్నకల్ ప్రాంతంలో ఈ పద్ధతిని బాగా ప్రోత్సహించారు. ఇంట్లోవాళ్ల కంచాల్లోనుంచి తలా ఇంత తగ్గించి ఇవ్వడమే ఇందులోని కిటుకు. వచ్చిన బియ్యం కొన్నిచోట్ల పాస్టరుగారి కుటుంబానికి, కొన్నిచోట్ల దిక్కులేని ముసలివారికి పోతుంది. మిగిలితే వేలం వేసి సొమ్ము సంఘం పెట్టెలో వేస్తారు.

ఇంట్లో సన్నబియ్యం వండుకుని, గుడికి మాత్రం నూకలు కలిసిన రేషన్ బియ్యం తెచ్చేవారు ఉన్నారని సంఘ పెద్దలు విసుక్కుంటారు. అందుకే కొన్ని ఊళ్లలో స్త్రీల సమాజం వారు కుండలోది సంచిలో పోసేముందు చేతిలోకి ఇంత తీసుకుని చూస్తున్నారట.