ఐ.పి. పెట్టడమంటే ఏమిటి? వకీలు దగ్గరకు వెళ్ళే ముందు పాడి రైతు తెలుసుకోవలసినవి

"ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడట" అన్న మాట మన పల్లెల్లో సగం భయంతో, సగం తిట్టుగా వినబడుతూ ఉంటుంది. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. నా అప్పులు నేను తీర్చలేను, నా ఆస్తిని స్వాధీనం చేసుకుని అప్పులవాళ్ళకు పంచండి అని కోర్టుకు పెట్టుకునే అర్జీ అది. అప్పు ఎగవేసే ఉపాయమని కొందరు, అర్జీ పడగానే బాకీలన్నీ రద్దవుతాయని మరికొందరు అనుకుంటున్నారు. రెండూ తప్పే.

మన జిల్లాలలో ఈ వ్యవహారాన్ని ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే నడుపుతున్నది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో మాత్రమే, 2019 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. సామాన్య రైతుకు పాత చట్టమే గతి. బాకీలు 500 రూపాయలు ఉంటే చాలు, అర్జీ వేయవచ్చు. ఆ అంకె నూరేళ్ళ నాటిది. ఈనాడు అది మేత ఖర్చుకైనా చాలదు. డిక్రీ కింద అరెస్టయినవారు, ఆస్తి జప్తులో ఉన్నవారు కూడా వేయవచ్చు. అప్పిచ్చినవారు సైతం బాకీదారుపై వేయవచ్చు.

అర్జీలో ప్రతి అప్పు, ప్రతి అప్పిచ్చినవాని పేరు, ఊరు, ఉన్న ఆస్తి అంతా చూపాలి. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టుకు గాని రిసీవరుకు గాని దఖలు పడుతుంది. అప్పటి నుంచి కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్ళు విడివిడిగా చర్య తీసుకోలేరు. అర్జీ వేసినంత మాత్రాన ఈ రక్షణ రాదు, ప్రకటన జరగాలి. ఆ తరువాత కోర్టు చెప్పిన గడువులోగా విమోచన కోసం మరో దరఖాస్తు పెట్టాలి. దీన్ని మరచిపోయేవారే ఎక్కువ. గడువు దాటితే ప్రకటన రద్దయి, కథ మొదటికి వస్తుంది. విమోచన దొరికేలోగా కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా అప్పులవాళ్ళ లెక్కలోకే పోతుంది.

విమోచన అడిగిన ప్రతివారికీ దొరకదు. తాకట్టు లేని బాకీలలో రూపాయికి ఎనిమిది అణాల మేరకైనా ఆస్తి లేకపోతే, ఆ లోటు తన తప్పువల్ల రాలేదని బాకీదారు కోర్టును ఒప్పించాలి. కరువు వచ్చిందని, గేదెలు చచ్చిపోయాయని నోటితో చెబితే సరిపోదు. పశువైద్యుని ధ్రువపత్రం, బీమా కాగితం, సంఘం పాల పుస్తకం ఇక్కడ అక్కరకు వస్తాయి. జూదంవల్ల దివాలా తీసినవారికి ఈ దారి మూసుకుపోతుంది.

సభ్యులు అందరికంటె ముందు అడిగేది గేదె సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు జప్తు చేయరాదు. వ్యవసాయదారు అయితే పనిముట్లు, తాను కాపురముంటున్న ఇల్లు, జీవనానికి అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు కూడా జప్తు కావు. దివాలాలోనూ ఇవి రిసీవరు చేతికి పోవు. అయితే పొలానికి ఈ మినహాయింపు లేదు. గేదెకైనా దానంతటది రాదు. ఈ పశువుతోనే మా ఇల్లు గడుస్తున్నదని వకీలు అడిగి, రుజువు చూపాలి. స్వయంగా సాగు చేస్తూ, లేదా వ్యవసాయ కూలి చేస్తూ, ముఖ్యంగా భూమి రాబడిపై బతికేవారినే చట్టం వ్యవసాయదారు అంటుంది. సెంటు భూమి లేకుండా, కూలికి పోకుండా పాడి మీదే బతికేవారు ఈ మాట తప్పక వకీలుకు చెప్పాలి. ఇక బ్యాంకు అప్పుతో కొని, బ్యాంకుకే తాకట్టులో ఉన్న గేదె మీద బ్యాంకు హక్కు దివాలాతో పోదు.

"ముందు పొలం ఆడవాళ్ళ పేర రాసెయ్, తరువాత ఐ.పి. పెట్టు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అర్జీకి ముందు రెండేళ్ళలో ఉచితంగా రాసిన దస్తావేజును రిసీవరు రద్దు చేయించగలడు. మూడు నెలల్లోపు ఒక్క బావమరిదికి మాత్రం మేలు చేయాలని బాకీ తీర్చినా అంతే. ఆస్తిని మోసంతో దాచితే ఏడాది దాకా జైలు.

మాకు బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. బాకీదారుకు విమోచన దొరికినా అతనికి జామీను ఉన్నవానికి దొరకదు. మన సంఘాలలో ఒకరికొకరు జామీను ఉండడం మామూలే. ఒక సభ్యుడు ఐ.పి. పెడితే అప్పులవాళ్ళు మర్నాడు పట్టుకునేది పక్కింటి సభ్యుణ్ణే. అందుచేత ఆ ఆలోచన వచ్చినప్పుడే జామీనుదారుకు చెప్పి, ఇద్దరూ కలిసి వకీలు దగ్గరకు పోవడం న్యాయం. దివాలాదారు స్థానిక సంస్థలలో సభ్యుడుగా ఉండరాదు. సంఘ సభ్యత్వం మాటేమిటో మీ సంఘ నిబంధనావళిలో ముందే చూసుకోండి.

వకీలును ఎలా వెదకాలి? న్యాయవాదులు తమ గురించి ప్రకటనలు వేసుకోరాదని బార్ కౌన్సిల్ నిబంధన. కాబట్టి జిల్లా కోర్టుకు గాని, సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు గాని పోయి, ఐ.పి.లు, డిక్రీ అమలు కేసులు నడిపేవారెవరో విచారించాలి. కోర్టు గేటు దగ్గర ఎదురుపడే దళారీని నమ్మవద్దు. మొదటి రోజే బాకీల జాబితా, ప్రోనోట్ల నకళ్ళు, పట్టా పుస్తకం, జామీనుదారుల పేర్లు అడిగే వకీలు మంచివాడు. ఏమీ అడగకుండా వకాలతు మీద సంతకం పెట్టించుకుని "అంతా నేను చూసుకుంటాను" అనేవారి విషయంలో జాగ్రత్త. ఫీజు ముందే తేల్చుకుని రసీదు తీసుకోండి. కేసు ఫలితంలో వాటా ఫీజుగా అడగడం నిబంధనలకు విరుద్ధం. కోస్తా, రాయలసీమ రైతులు 1938 నాటి వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తమ బాకీకి పనికి వస్తుందేమో కూడా అడగాలి.

ఫీజు పెట్టుకోలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేదు. ఫోను నంబరు 15100. సోదరీమణులు మరో సంగతి గుర్తుంచుకోవాలి: డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయరాదు. మగవారినైనా కేవలం పేదరికంవల్ల కట్టలేకపోయినందుకు జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది.

అప్పిచ్చినవాడు రాజీకి ఒప్పుకుంటే ఐ.పి. కన్న లోక్ అదాలతు మేలని మా అభిప్రాయం. అక్కడి తీర్పు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కనుక వాయిదా ఎంతో ఒప్పుకునేటప్పుడు గేదె నిండుగా పాలిచ్చే నెలల బిల్లును బట్టి కాక, వట్టిపోయిన నెలల్లో చేతికి వచ్చేదాన్ని బట్టి లెక్క వేసుకోండి.